హౌస్ సిట్టింగా, ఫార్మ్ వాలంటీరింగా?

విదేశంలో పల్లెటూళ్ళో కొన్నాళ్ళు జంతువులతో గడపాలనుంటే నేనైతే ముందు ఫార్మ్‌కే వెళ్ళమంటాను. 1971లో ఇంగ్లాండులో మొదలైన వూఫ్ (WWOOF, వాలంటీర్లని ఆర్గానిక్ ఫార్మ్‌లతో కలిపే నెట్‌వర్క్) లాంటివాటిలో రోజుకి 4-6 గంటలు పని చేస్తే తిండి, పడక ఇస్తారు, ఓనర్ పక్కనే ఉంటారు కాబట్టి తెలియనిది అడిగి నేర్చుకోవచ్చు. హౌస్ సిట్టింగ్‌లో, అంటే ఓనర్లు ఊరెళ్ళినప్పుడు వాళ్ళ ఇంటినీ జంతువుల్నీ చూసుకోవడంలో, ఇల్లంతా మనదే, హాయిగా ఉంటుంది, కానీ బాధ్యతంతా కూడా మనదే, చీకటి పడేలోపు కోళ్ళని లెక్కపెట్టి గూట్లోకి తోలి గడియ పెట్టకపోతే నక్క ఒక్క రాత్రిలో గూడంతా ఖాళీ చేసేస్తుంది, మేక మేత మానేసి మూలన నిలబడిందంటే ఆలస్యం చెయ్యకుండా పశువుల డాక్టర్‌కి ఫోన్ కొట్టాలి. వీసా మాత్రం రెండిటికీ చూసుకోండి, జీతం లేకపోయినా చాలా దేశాలు దీన్ని పనిగానే లెక్కేస్తాయి, టూరిస్ట్ వీసా మీద వెళ్తే ఎయిర్‌పోర్ట్ నుంచే వెనక్కి పంపేయొచ్చు.