‘100% హ్యూమన్ హెయిర్’ కొప్పు సెట్ కొంటున్నారా? లోపలి పీసులు కూడా చూడండి

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే చాలు, ఫోన్ తెరిస్తే కొప్పుల రీల్సే. క్లిప్ ఎక్స్‌టెన్షన్లు (క్లిప్పులతో తగిలించుకునే జుట్టు పీసులు), ముడి లోపల పెట్టే స్పాంజి డోనట్, నెట్, పిన్నులు అన్నీ ఒకే పెట్టెలో సర్ది ‘బ్రైడల్ బన్ కిట్’ అని అమ్ముతున్నారు. మా చెల్లి నిశ్చితార్థానికని నేనూ ఒక ఇన్‌స్టా పేజీ నుంచి ఇలాంటిదే తెప్పించాను. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి పేజీ పేరు రాయడం లేదు. రాసినా పెద్దగా లాభం లేదు, అవే ఫొటోలు వేరే పేర్లతో ఇంకొన్ని పేజీల్లోనూ తిరుగుతున్నాయి. పేరు కన్నా సరుకును గుర్తుపట్టడం ముఖ్యం.

ధర మరీ తక్కువైతే ఎవరికైనా అనుమానం వస్తుంది. దీని ధర 3,800 రూపాయలు. ‘20 అంగుళాలు, 100 గ్రాములు, 100% రెమీ హ్యూమన్ హెయిర్, జుట్టును లాగని మెత్తని పిన్నులు’ అని రాశారు. పెట్టె అందంగానే వచ్చింది, వెల్వెట్ సంచీ కూడా ఇచ్చారు. పైన ఉన్న వెడల్పాటి పీసు పట్టుకుంటే నిజంగా బాగుంది.

ముందురోజు సాయంత్రం ట్రయల్‌కి బ్యూటీషియన్ వచ్చింది. అదృష్టం, ఆవిడ పీసును తలకు పెట్టకముందే చేతిలో పట్టుకుని దానికి కర్లింగ్ మెషీన్ పెట్టింది. అదీ తక్కువ వేడి మీద. లోపలి పీసు చివర్లు చూస్తుండగానే ముడుచుకుపోయాయి, గదంతా ప్లాస్టిక్ కాలిన వాసన. పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుని చీపురు చివరలా గట్టిపడ్డాయి. అదే పీసు చెల్లి చెవి పక్కన ఉండి ఉంటే ఏమయ్యేదో అనుకుంటేనే టెన్షన్ వస్తోంది.

అప్పుడు ఒక్కో పీసులోంచి ఒక్కో వెంట్రుక లాగి, స్టీలు పళ్లెంలో పెట్టి అగ్గిపుల్లతో కాల్చి చూశాం. పై పీసు వెంట్రుక చిటపటమని కాలి, మనకు తెలిసిన జుట్టు వాసనే వచ్చింది, వేళ్ల మధ్య నలిపితే బూడిదైంది. లోపలి పీసులవి కరిగి నల్లటి గట్టి పూసలుగా మిగిలాయి. అంటే పెట్టె తెరవగానే మన చెయ్యి పడే పీసు మాత్రమే అసలు జుట్టు, కింద దాచినవి సింథటిక్. ఒక్క వెంట్రుక కాల్చి ‘అసలుదే’ అని ఊరుకోకండి. ప్రతి పీసులోంచీ, అదీ కుట్టు దగ్గర నుంచి, లాగి చూడండి. కిటికీలు తెరిచి, పిల్లల్ని దూరంగా ఉంచి చెయ్యండి.

ఆ అసలు పీసు కథ కూడా అంత గొప్పగా ఏమీ లేదు. ఒక్కసారి షాంపూ పెట్టేసరికి మొదళ్ల దగ్గర చిక్కుపడి ఉండలు కట్టింది. రెమీ అంటే వెంట్రుకలన్నీ కుదురు ఒకవైపు, కొస ఒకవైపు ఉండేలా ఉంచిన జుట్టు. గుండు కొట్టించినప్పుడు కట్టలుగా తీసినదైతే అలా ఉంటుంది. ఊళ్లలో ‘చిక్కు వెంట్రుకలకు స్టీలు సామాన్లు’ అంటూ వచ్చేవాళ్లు తీసుకెళ్లేది దువ్వెనకు వచ్చే జుట్టు. అందులో కుదుళ్లూ కొసలూ కలగలిసి ఉంటాయి. వెంట్రుక మీది పొలుసులు ఎదురెదురుగా రాసుకుని చిక్కుపడతాయి కాబట్టి, యాసిడ్‌లో ముంచి ఆ పొలుసులు తీసేసి సిలికాన్ పూత వేస్తారు. కొత్తలో ధగధగలాడుతుంది. పూత పోగానే దాని అసలు రంగు బయటపడుతుంది. అతిగా మెరిసే జుట్టును చూసి మురిసిపోవద్దనేది అందుకే.

ధర గురించి ఒక్క మాట. తిరుమల తలనీలాలను పొడవును బట్టి వేరుచేసి వేలం వేస్తారని మనకు తెలిసిందే. 27 అంగుళాలు దాటిన రకం కిలో ఇరవై వేల రూపాయలకు పైగా పలికిన వేలాలున్నాయి. అది ముడి సరుకు ధర. కడగడం, వేరుచేయడం, కుట్టడం, క్లిప్పులు, అమ్మేవాడి లాభం అన్నీ ఆ పైనే. ఇక 999కి ‘రెమీ 24 అంగుళాల సెట్’ అని రాసేవాళ్లు ఏం అమ్ముతున్నారో మీరే లెక్కేసుకోండి. 3,800 పెట్టినా నాకు దక్కింది ఇదీ అనుకోండి, అది వేరే సంగతి.

ఇక బరువు. 100 గ్రాములన్న జుట్టును వంటింటి త్రాసు మీద పెడితే క్లిప్పులతో కలిపి కూడా 74 గ్రాములే.

పిన్నుల విషయం ఇంకా ఘోరం. యూ పిన్నుల మొనలకు ఉండాల్సిన ప్లాస్టిక్ బొట్టు సగం పిన్నులకు లేదు, ఉన్నవాటికీ గోటితో గీకితే ఊడొచ్చింది. కొప్పు నిలబడాలంటే పిన్నును తలకు ఆనించి తిప్పి గుచ్చాలి కదా, ఆ వట్టి ఇనుప మొన తల మీద గీతలు పెట్టింది. ఎక్స్‌టెన్షన్ క్లిప్పుల లోపల ఉండాల్సిన సిలికాన్ పట్టీ కూడా చాలావాటికి లేదు. పట్టీ లేకపోతే క్లిప్పు జారుతుంది, జారకుండా ఇంకా బిగిస్తాం, అప్పుడు మన జుట్టే తెగుతుంది. గిల్టు కమ్మలు పెడితే చెవులు దురద పెట్టేవాళ్లకు ఇలాంటి క్లిప్పులు కూడా పడకపోవచ్చు, ఎందుకంటే రెండు చోట్లా గొడవ నికెల్‌తోనే. చెల్లికి చెవి వెనక అరగంటలో ఎర్రగా దద్దుర్లొచ్చాయి.

బరువు సంగతి అమ్మేవాళ్లెవరూ చెప్పరు. ఎక్స్‌టెన్షన్లూ, పైన మల్లెదండా, దాని మీద కొప్పు బిళ్లా, అన్నీ పిడికెడు జుట్టు మీద వేలాడతాయి. నుదుటి అంచునా, మెడ దగ్గరా జుట్టు పలచగా ఉంటుంది, అక్కడ క్లిప్పు పెట్టనివ్వకండి. పెట్టగానే నొప్పిగా ఉంటే ‘కాసేపటికి అలవాటవుతుందిలే’ అనుకోవద్దు, తీయించేయండి. బిగుతుగా లాగి కట్టడం రోజూ అలవాటైతే ఆ అంచుల్లో జుట్టు ఊడుతుంది, ఏళ్ల తరబడి సాగితే మళ్లీ మొలవకపోవచ్చు కూడా. నన్నడిగితే కొప్పుకు 20 అంగుళాల సెట్టే అక్కర్లేదు. చెల్లికి చివరికి తన జుట్టుతోనే డోనట్ మీద ముడి వేసి, శాటిన్ స్క్రంచీతో పట్టించి, చుట్టూ మల్లెదండ తిప్పారు. బాగానే కుదిరింది.

ఇక అమ్మినవాళ్ల మర్యాద. డబ్బు పంపేదాకా ‘సిస్, సిస్’. కాలిన పీసు ఫొటో పంపగానే ‘మేడమ్’ అయ్యాను. “జుట్టు ఐటమ్స్ హైజీన్ వల్ల రిటర్న్ లేదు మేడమ్, మీరు హీట్ ఎక్కువ పెట్టారు” అన్నారు. హ్యూమన్ హెయిర్ అయితే ఆ వేడికి కరగదు కదా అంటే జవాబు లేదు. తర్వాత వచ్చే ఆర్డర్ మీద కూపన్ ఇస్తామన్నారు!

‘నో రిటర్న్’ అని పేజీలో రాసుకున్నంత మాత్రాన సరిపోదు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు సరుకులో లేకపోతే అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోనని అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈ మాట రాసి పంపాక మాత్రమే ‘టీమ్‌తో మాట్లాడతాం’ అన్నారు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అది తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది, సరుకు విలువ ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు.

కొనేవాళ్లు డబ్బు కట్టకముందే లోపలి పీసులను త్రాసు మీద పెట్టి, వాటిలోంచి ఒక వెంట్రుక కాల్చి చూపించే వీడియో అడగండి. అసలు సరుకున్నవాళ్లకు అదో పెద్ద పని కాదు. జీపే నంబరు తప్ప చిరునామా ఇవ్వనివాళ్లకు ముందే డబ్బు పంపకండి. పెట్టె వచ్చాక సీలు తీసే దగ్గర నుంచి ఆపకుండా వీడియో తీయండి. లేబుల్ మీద ప్యాక్ చేసినవాళ్ల పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, నికర బరువు ఉన్నాయో లేదో చూడండి. నాకొచ్చిన పెట్టె మీద బంగారు రంగు ‘ప్రీమియం’ స్టిక్కర్ తప్ప ఏమీ లేదు. ప్రకటన స్క్రీన్‌షాట్ కూడా ఆర్డర్ పెట్టిన రోజే తీసి ఉంచుకోండి, నేను ఫిర్యాదు చేసిన మర్నాడే ఆ పోస్టులో ‘100%’ అన్న మాట మాయమైంది.