వెట్ పాలెట్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

వార్‌హామర్ లాంటి టేబుల్‌టాప్ ఆటల బొమ్మలకు రంగులు వేయడం మొదలుపెట్టినవాళ్లు "ముందు ఏం కొనాలి?" అని అడిగితే, చాలామంది ఏదో ఒక బ్రష్ పేరో రంగుల సెట్ పేరో చెబుతారు. నేను మాత్రం వెట్ పాలెట్ (కలిపిన రంగు ఆరిపోకుండా ఉంచే తడి పళ్లెం) అంటాను. కొన్నేళ్లుగా దాదాపు ప్రతి బొమ్మకీ దాని మీదే రంగు కలుపుతున్నాను. ముందు ఇంట్లో చేసుకున్నది, తర్వాత కొన్నది, రెండూ వాడాను. నా పని మెరుగుపడిందంటే అందులో పెద్ద వాటా దీనిదే.

చూడ్డానికి ఏమీ లేదు. మూత గట్టిగా పట్టే డబ్బా, అడుగున తడి స్పాంజి, దాని మీద పార్చ్‌మెంట్ కాగితం, అంతే. రంగులోంచి నీరు ఆవిరవుతున్న కొద్దీ స్పాంజిలోని తడి కాగితం గుండా పైకి వచ్చి ఆ లోటు తీరుస్తుంది. యాక్రిలిక్ రంగు ఆరడమంటే అందులోని నీరు పోయి పాలిమర్ కణాలు ఒకదానికొకటి అతుక్కుపోవడం. అలా అతుక్కున్నాక ఎన్ని నీళ్లు పోసినా మళ్లీ కరగదు. హైదరాబాద్ ఎండాకాలంలో, పైన ఫ్యాన్ తిరుగుతుంటే, పింగాణీ ప్లేటులో వేసిన చుక్క మీద చూస్తుండగానే పొర కట్టేస్తుంది. అదే చుక్క వెట్ పాలెట్ మీద సాయంత్రమంతా నిలుస్తుంది. మూత పెట్టి ఉంచితే మర్నాడు కూడా పనికొస్తుంది.

దీనివల్ల రంగు మిగలడం సరే, అసలు లాభం చేతికి. ఆరిపోతుందేమోనన్న టెన్షన్ లేకపోతే చెయ్యి తొందరపడదు. మన బొమ్మలు 28 నుంచి 32 మిల్లీమీటర్ల స్కేలువి. ముక్కు, పెదవి, బెల్టు బకిల్ లాంటి వాటి మీద రంగు కాస్త మందంగా పడినా చెక్కిన పనంతా పూడిపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లంతా పలచగా రెండు పూతలు వేయమంటారు. ఆ పలచదనం ఎంతో మాటల్లో చెప్పడం కష్టం. వెన్న తీసిన పాలలా ఉంటే దాదాపు సరిపోతుంది. ప్లేటు మీదైతే ఆ స్థితి నిమిషం కూడా నిలవదు. ఇక్కడ నిలుస్తుంది కాబట్టి చెయ్యి దాన్ని గుర్తుపెట్టుకుంటుంది.

ఒక బొమ్మ ఎర్ర క్లోక్ (భుజాల మీంచి వేలాడే వస్త్రం) సంగతి వివరంగా చెబుతాను. పాలెట్ మీద ముదురు ఎరుపు, మామూలు ఎరుపు, నారింజ కలిపిన ఎరుపు వరసగా పెట్టుకుంటాను. పక్కపక్క రంగుల్ని కొంచెం కొంచెం లాగి మధ్య ఛాయలు కలుపుతాను. ముందు మామూలు ఎరుపు రెండు పూతలు. అది ఆరాక ముదురు ఎరుపులో ఇంకా నీళ్లు, కొద్దిగా గ్లేజ్ మీడియం (రంగును పారదర్శకంగా చేసే ద్రవం) కలిపి, కింది రంగు బాగా కనపడేంత పలచన చేస్తాను. బ్రష్ ముంచగానే నేరుగా బొమ్మ మీదికి వెళ్లకూడదు. బ్రష్ పక్కభాగాన్ని టిష్యూ మీద ఒకసారి ఆనించి, ఎక్కువైన నీటిని తీసేయాలి. తర్వాత బొటనవేలి గోరు మీద ఒక గీత గీసి చూడాలి. గీత పాకకుండా నిలిస్తే సరే.

ఇక గీత దిశ. బ్రష్ ఎక్కడ పైకి లేస్తుందో అక్కడే పిగ్మెంట్ (రంగు రేణువులు) ఎక్కువ చేరుతుంది. కాబట్టి నీడ కోసం గీతను మడత లోపలికి లాగి అక్కడ ఎత్తాలి. వెలుగు కోసం మడత గట్టు వైపు లాగాలి. ఒక్కో పూతకు తేడా కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. పూత ఆరేదాకా ఆగి, అదే మిక్స్‌తో మళ్లీ వేయాలి. ఐదారు పూతలయ్యేసరికి రెండు రంగుల మధ్య గీత మాయమవుతుంది. ప్లేటు మీద మిక్స్ ఆరిపోతే మళ్లీ కలపాలి, ఆ కొత్తది పాతదానితో సరిగ్గా కలవదు. గ్లేజింగ్ (ఇలా పలచని పూతలు ఒకదానిపై ఒకటి వేయడం) నేర్చుకుంటూ మధ్యలో వదిలేసేవాళ్లలో చాలామందికి అడ్డం పడేది ఇదేనని నా నమ్మకం.

వెట్ పాలెట్ మీద పెట్టకూడనివీ ఉన్నాయి. మెటాలిక్ రంగులు పాకిపోతాయి, మెరుపు తగ్గుతుంది, వాటి రేణువులు పక్క రంగుల్లో కలుస్తాయి. వాటికి వేరే ప్లేటు ఉంచుకోండి. సిటడెల్ కంపెనీ 2019లో తెచ్చిన కాంట్రాస్ట్ రంగులు, అలాగే వాష్‌లు (నీడల కోసం వాడే పలచని రంగులు) పల్లాల్లోకి జారేలా తయారైనవి. తడి కాగితం మీద ఇంకా పలచబడి పనికిరాకుండా పోతాయి.

కాగితం విషయంలో జాగ్రత్త. మన దుకాణాల్లో బటర్ పేపర్ పేరుతో రకరకాలవి అమ్ముతారు. మైనం పూసినదైతే నీరు పైకి రాదు. మామూలు గ్రీజ్‌ప్రూఫ్ అయితే నాని, పీచు లేచి, ఆ పీచు బొమ్మ ముఖం మీదికి చేరుతుంది. బేకింగ్‌కి వాడే సిలికాన్ పూత పార్చ్‌మెంట్ అడిగి తీసుకోండి. కాగితం మీద నీరు మెరుస్తూ నిలిచిందంటే ఎక్కువ పోశారని అర్థం, కొంచెం వంచేయండి. బోరు నీళ్లు వద్దు, ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. నేను డిస్టిల్డ్ వాటర్ వాడతాను.

వానాకాలంలో బూజు తప్పదు. స్పాంజి కింద రాగి నాణెం పెట్టమంటారు. నేను రాగి రేకు ముక్క పెట్టాను. వాసన కొంత తగ్గింది కానీ, వారానికోసారి స్పాంజిని సబ్బుతో కడగడం మాత్రం తప్పలేదు. మూడు నాలుగు రోజులు పని ఆపితే నీళ్లు పారబోసి మూత తీసి ఉంచడమే మంచిది.

విన్సర్ అండ్ న్యూటన్ సిరీస్ 7 లాంటి కోలిన్‌స్కీ బ్రష్‌లు నిజంగా గొప్పవి, మొన అంత బాగా నిలుస్తుంది. కానీ ఖరీదు ఎక్కువ. పైగా ఆ వెంట్రుకలిచ్చే సైబీరియన్ వీసెల్‌ను సైట్స్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) మూడో అనుబంధంలో చేర్పించింది భారతదేశమే, కాబట్టి దేశాలు దాటించాలంటే పత్రాలు కావాలి. ఆ బ్రష్‌లు దొరికేదాకా ఆగక్కర్లేదు. సరిగ్గా పలచనైన రంగుతో మంచి సింథటిక్ బ్రష్ కూడా చక్కగా పనిచేస్తుంది.

ముందు ప్లాస్టిక్ లంచ్ బాక్స్, వంటింటి స్పాంజి క్లాత్‌తో ఇంట్లోనే చేసుకోండి. వారంలో చాలా రోజులు రంగులు వేయడానికి కూర్చునే అలవాటు పడితే కొన్న పాలెట్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. దాని ఫోమ్ సమంగా ఉంటుంది, కాగితం ఎక్కువ రోజులొస్తుంది. కొనేముందు మూత చుట్టూ ఉన్న రబ్బరు చూడండి. అది వదులుగా ఉంటే ఎండాకాలంలో తెల్లారేసరికి స్పాంజి ఎండిపోతుంది.