ఐదు వారాల కుక్కపిల్లను రెండు నెలలదని అంటగట్టారు: వైజాగ్‌లో కొనేవాళ్లు జాగ్రత్త

వైజాగ్‌లో కుక్కపిల్లను కొనాలని చూస్తున్నవాళ్లు డబ్బు పంపే ముందు దయచేసి ఇది చదవండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే తప్పకుండా చదవండి.

దసరాకి వారం ముందు ఒకతని దగ్గర లాబ్రడార్ పిల్లను 14 వేలకు తీసుకున్నాం. ఫోన్లో ఫొటోలు పంపాడు. వచ్చి చూస్తాం, తల్లిని కూడా చూపించండి అంటే, "తల్లి అనకాపల్లిలో మా బావ దగ్గర ఉందండీ, అంత దూరం మీకెందుకు, నేనే తెచ్చిస్తాను" అన్నాడు. మద్దిలపాలెం దగ్గర బైకు ఆపి, అట్టపెట్టెలోంచి పిల్లను తీసి చేతిలో పెట్టాడు. రెండు నెలలు నిండాయని, రేబిస్‌తో సహా టీకాలన్నీ వేయించానని ఒక కార్డు కూడా ఇచ్చాడు. మా అబ్బాయి సంబరం చూసి నేను ఇంకేమీ అడగలేదు. అడగాల్సింది.

మూడో రోజు నుంచి కొరకడం మొదలైంది. కుక్కపిల్ల అన్నాక కొరుకుతుంది, అది నాకూ తెలుసు. చిన్నప్పుడు మా ఇంట్లో కుక్కలుండేవి. కానీ ఇది ఆటలో పట్టి వదిలేసే రకం కాదు. పడితే వదలదు, మనం కెవ్వున అరిచినా దానికి పట్టదు. పాల పళ్లు సూదుల్లా ఉంటాయి కదా, ఐదో రోజుకి మా వాడి వేలికి దిగి రక్తం వచ్చింది.

అమ్మినతనికి ఫోన్ చేశాను. "చిన్న పిల్ల కాటుకి ఏం కాదు మేడమ్. మూతి మీద ఒకటి వేయండి, నోరు గట్టిగా మూసి పట్టుకోండి, దారికొస్తుంది" అన్నాడు. నమ్మి రెండు రోజులు అలాగే చేశాను. బూందీ (మా వాడు పెట్టిన పేరు) మన చెయ్యి దగ్గరికొస్తే చాలు, ఒదిగిపోయి ముందే పళ్లు చూపించడం మొదలుపెట్టింది. ఆ రెండు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. దయచేసి ఎవరూ అలా చేయకండి. భయం పెరిగితే కాటు కూడా పెరుగుతుంది.

చివరికి సీతమ్మధారలో ఒక పశువుల డాక్టరుగారికి చూపించాం. ఆవిడ నోరు తెరిచి చూసి, "రెండు నెలలని ఎవరు చెప్పారమ్మా?" అన్నారు. ముందు పళ్లు, కోరలు ఉన్నాయి గానీ వెనక పళ్లు ఇంకా చిగుళ్లలోంచి వస్తున్నాయి. ఎనిమిది వారాలకల్లా పాల పళ్లు 28 వచ్చేస్తాయట. దీనికి ఆరు వారాలకు మించి ఉండవన్నారు. అంటే మా చేతికొచ్చేసరికి ఐదు వారాల పిల్ల. కార్డు మీద పెన్నుతో రాసిన తేదీలే తప్ప టీకా సీసా స్టిక్కరు లేదు, డాక్టరు ముద్ర లేదు. పైగా రేబిస్ టీకా మామూలుగా మూడు నెలల వయసులో వేస్తారు. ఆ ఒక్క మాటతోనే కార్డు అబద్ధమని తేలిపోయింది.

మా వాడి వేలి సంగతి చెప్పగానే ఆవిడ మమ్మల్ని వెంటనే మనుషుల డాక్టరు దగ్గరికి పంపారు. అప్పటికే రెండు రోజులు పోగొట్టాం. కాటు గానీ గోటి గీత గానీ పడితే ముందు సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగాలి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, సున్నం లాంటివి పెట్టకూడదు. మా వాడికి ఇంజెక్షన్ల కోర్సు మొత్తం పూర్తయ్యేదాకా నాకు నిద్ర లేదు, ఆ టెన్షన్ ఏ తల్లికీ వద్దు.

వయసు గురించి ఎందుకింత చెబుతున్నానంటే, ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో పిల్ల నేర్చుకునేది తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర. గట్టిగా కొరికితే అవతలి పిల్ల కుయ్యిమని ఆట మానేస్తుంది, తల్లి గుర్రుమంటుంది. ఐదు, ఎనిమిది వారాల మధ్య ఈ చదువు బాగా సాగుతుంది. దాన్నే మా బూందీకి లేకుండా చేశారు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం కూడా ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టరై ఉండాలి. నంబరు అడిగితే నీళ్లు నమిలేవాళ్ల దగ్గర కొనకండి.

డాక్టరుగారు చెప్పినట్టు ఇంట్లో అందరం ఒకే పద్ధతి పెట్టుకున్నాం. పళ్లు గట్టిగా తగలగానే ఆట ఆపేసి, అర నిమిషం పక్క గదిలోకి వెళ్లిపోవడం. తిట్టడం లేదు, కొట్టడం లేదు. తడి తువ్వాలు ముడేసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి నమలడానికి ఇచ్చాం, ముక్కలు ఊడకుండా దగ్గరుండి చూసుకుంటూ. ఛార్జర్ వైర్లు, చెప్పులు అందనంత ఎత్తున పెట్టాం. ఉడికిన మటన్ ఎముక మాత్రం ఇవ్వొద్దన్నారు, అది చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. సాయంత్రం పూట పిచ్చిగా కొరుకుతోందంటే చాలాసార్లు నిద్ర చాలక. ఈ వయసు పిల్లలు రోజుకి 18 నుంచి 20 గంటలు పడుకోవాలి, మేం అది తెలియక ఆడిస్తూనే ఉన్నాం. అన్నిటికంటే ఎక్కువ మార్పు పక్కింటి పిన్నిగారి ముసలి కుక్క వల్ల వచ్చింది. దానికి టీకాలన్నీ సరిగ్గా ఉన్నాయి, డాక్టరుగారిని అడిగాకే రెండింటినీ కలిపాం. బూందీ హద్దు మీరితే అది ఒక్కసారి గుర్రుమనేది, అంతే, ఇది ఆగిపోయేది.

భోగి రోజు ఇల్లు ఊడుస్తుంటే బియ్యపు గింజంత పాల పన్ను దొరికింది. మొత్తం పళ్లు మారేసరికి ఆరేడు నెలల వయసు వస్తుందట, అప్పటిదాకా నమలడం ఉంటుంది. పర్లేదు, ఇప్పుడు చర్మం మీద పళ్లు ఆనితే తనే వదిలేస్తోంది.

బిల్లు లేదు, ఫోన్‌లో డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంది. అతను నంబరు మార్చేశాడు. పోయిన వారం "రెండు నెలల లాబ్ పిల్లలు, టీకాలు పూర్తి, మద్దిలపాలెంలో తెచ్చిస్తాం" అని ఒక ప్రకటన చూశాను. అదే అట్టపెట్టె, అందులో నాలుగు పిల్లలు. తల్లి దగ్గర పిల్లలను చూడకుండా, స్టిక్కరు, ముద్ర ఉన్న కార్డు చేతికి రాకుండా ఒక్క రూపాయి కూడా పంపకండి.