అరవై ఒక్క మెట్లు, మూడు గంటల నడక: ఆమ్‌స్టర్‌డామ్ యోర్దాన్ పేట

195 యూరోలు. మూడు గంటలు వీధులు తిప్పి చూపించడానికి ఒక మనిషికి అంత ఇస్తామా అని, బుక్ చేసిన రోజు నుంచి నడక మొదలయ్యే నిమిషం దాకా మా ఆయన నన్ను అడుగుతూనే ఉన్నారు. అప్పటి లెక్కన యూరో 96 రూపాయలు వేసుకుంటే 18,720. ఆ డబ్బుతో నలుగురం ఇంకో ఊరు చూసి రావచ్చు అన్నది ఆయన లెక్క. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆయనే ముందు ఆ నడక గురించి చెబుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఆ రెండు రోజుల్లో మమ్మల్ని బాధపెట్టిన లాడ్జి గురించి కూడా రాయాలి, ఎందుకంటే పెద్దవాళ్లని తీసుకెళ్లే మన వాళ్లు చాలామంది అదే తప్పు చేస్తారు.

మా మరిది నెదర్లాండ్స్‌లోనే ఐండ్‌హోవెన్ అనే ఊళ్లో ఉంటాడు. అక్కడ పది రోజులు హాయిగా గడిచాయి, రాయడానికేమీ లేదు. మే నెలలో ఒక శుక్రవారం మేమిద్దరం, పన్నెండేళ్ల మా బాబు, మా అత్తయ్య నలుగురం రైలెక్కి, గంటా ఇరవై నిమిషాల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగాం. రెండు రాత్రులు ఉందామని. స్టేషన్ నుంచి 13వ నంబరు ట్రామ్, మనిషికి 3 యూరోల 40 సెంట్లు, గంటసేపు చెల్లుతుంది. అక్కడిదాకా బాగానే ఉంది.

లాడ్జి ఒక పాత కాలువ ఇల్లు. ఫొటోల్లో కిటికీలోంచి నీళ్లు, పడవలు, పూలకుండీలు చూసి నేనే ముచ్చటపడి ఎంచుకున్నాను. అత్తయ్యకి 71 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, కింది అంతస్తులో గది కావాలి అని రెండు నెలల ముందే మెయిల్ పెట్టాను. ‘తప్పకుండా ఏర్పాటు చేస్తాం’ అని జవాబు కూడా వచ్చింది. తీరా వెళితే కౌంటర్‌లో కుర్రాడు కంప్యూటర్ చూసి, మీ గది నాలుగో అంతస్తు అన్నాడు. లిఫ్ట్ లేదు. కింద గది ఇస్తామన్నారు కదా అంటే, ఈ బిల్డింగులో కింద అసలు గదులే లేవన్నాడు! మరి నాకు జవాబెలా ఇచ్చారు అంటే, ఆ జవాబిచ్చిన మనిషి ఈరోజు సెలవు అన్నాడు. ఫోన్‌లో మెయిల్ తీసి చూపించాను. చదివాడు. ‘సారీ’ అన్నాడు, తాళంచెవి ముందుకు జరిపాడు.

ఆ మెట్లు చూడనివాళ్లకి చెప్పినా అర్థం కాదు. మన అటక మీదకి వేసుకునే నిచ్చెన కన్నా కాస్త నయం, అంతే. పాదం పూర్తిగా ఆనదు, పక్కకి తిప్పి పెట్టాలి. రెయిలింగ్ బదులు గోడ పక్కన ఒక లావుపాటి తాడు. మొత్తం 61 మెట్లు, మా బాబు లెక్కపెట్టాడు. ముందు మా ఆయన వెనక్కి చెయ్యి ఇచ్చి, వెనక నేను నడుం దగ్గర పట్టుకుని, మధ్యలో అత్తయ్యని ఆపి ఆపి ఎక్కించేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆవిడ ఒక్కమాట అనలేదు. పైకి వెళ్లి మంచం మీద కూర్చుని, ‘రేపు మీరు వెళ్లి రండమ్మా, నేను ఇక్కడే ఉంటాను, ఇంకోసారి దిగి ఎక్కలేను’ అన్నారు. నాకు అప్పుడు కళ్లనీళ్లు వచ్చాయి. ఆవిడకి చూపించాలనే కదా వచ్చింది. మా ఆయన నాతో మాట్లాడలేదు, ఆయన కోపం నాకు తెలుసు, గది ఎంచుకున్నది నేను కదా.

ఇంక డబ్బు సంగతి. రాత్రికి 228 యూరోలు, రెండు రాత్రులకి 456. దాని మీద నగర పన్ను పన్నెండున్నర శాతం, అంటే ఇంకో 57 యూరోలు అక్కడ కట్టించుకున్నారు. ఈ పన్ను లాడ్జివాళ్లది కాదు, నగరపాలక సంస్థది. 2024 నుంచి అంత పెంచారు. కానీ బుక్ చేసేటప్పుడు నాకు కనిపించిన మొత్తంలో అది లేదు. మీరు ఆమ్‌స్టర్‌డామ్‌లో గది చూసేటప్పుడు కనిపించిన ధరకి ఎనిమిదో వంతు కలుపుకునే చూడండి. గది ఖాళీ చేశాక సాయంత్రం దాకా పెట్టెలు ఉంచుకోవాలంటే ఒక్కోదానికి 8 యూరోలు అని కూడా అప్పుడే చెప్పారు.

ఆ రాత్రి గైడ్‌కి మెసేజ్ పెట్టాను, మా అత్తయ్య ఎక్కువ నడవలేరు, దారి కొంచెం తగ్గించగలరా అని. ఆవిడ నుంచి పది నిమిషాల్లో జవాబు: ‘దారి తగ్గించక్కర్లేదు. ఆవిడని తీసుకురండి, మిగతాది నేను చూసుకుంటాను.’

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి వెస్టర్‌కెర్క్ చర్చి దగ్గర ఆవిడ మా కోసం నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, పొట్టి జుట్టు, వాన కోటు, చంకలో మడత స్టూలు! అది మా అత్తయ్య కోసం. ప్రతి మలుపులో ఆ స్టూలు వేసి, అత్తయ్య కూర్చున్నాకే మాట మొదలుపెట్టేది. నేను తెలుగులో చెప్పేదాకా ఆగేది. లాడ్జికి రెండు నెలల ముందు చెప్పినా జరగనిది, ఈవిడకి రాత్రి చెబితే పొద్దున్నకి జరిగింది.

యోర్దాన్ పేట చరిత్ర ఆవిడ చెప్పిన తీరు నాకు భలే నచ్చింది. 1612లో నగరాన్ని పెంచినప్పుడు డబ్బున్న వ్యాపారులకి పెద్ద కాలువల వెంట విశాలమైన స్థలాలు వచ్చాయి. ప్రిన్సెన్‌గ్రాఖ్ట్‌కి పడమట పక్కన (గ్రాఖ్ట్ అంటే కాలువ) చేతివృత్తుల వాళ్లకి, కూలీలకి, వేరే దేశాల నుంచి పారిపోయి వచ్చినవాళ్లకి ఈ పేట. ఇక్కడ కొత్తగా కొలతలు వేయకుండా, అంతకుముందు పొలాల్లో ఉన్న నీటి బోదెల వెంటే వీధులు, కాలువలు వేసేశారట. అందుకే పెద్ద కాలువ దాటగానే వీధులన్నీ ఏటవాలుగా తిరుగుతాయి. గోదావరి జిల్లాలో పుట్టిన మా ఆయనకి బోదె అనగానే ఆసక్తి వచ్చింది. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఎటు పోతాయి, లాకులు ఎక్కడ, అని ఆయన మొదటిసారి నోరు తెరిచింది అక్కడే. రాత్రిళ్లు లాకుల తలుపులు వేసి కొత్త నీళ్లు తోసి కాలువలు కడుగుతారని ఆవిడ చెబితే నాకు మా బెజవాడ ఏలూరు కాలువ గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. మా ఇంటి నుంచి రెండు వీధుల అవతలే ఆ కాలువ, ముక్కు మూసుకుని వంతెన దాటుతాం.

బ్లూమ్‌గ్రాఖ్ట్ మీద 1642లో కట్టిన మూడు ఇళ్లు వరసగా ఉన్నాయి, పైకప్పు దగ్గర గోడ మెట్లు మెట్లుగా ఉంటుంది. ఒకదాని మీద పట్నంవాడు, ఒకదాని మీద పల్లెవాడు, ఒకదాని మీద నావికుడు, రాతి బొమ్మలు చెక్కి ఉన్నాయి. ఇంటి నంబర్లు లేని రోజుల్లో ఈ బొమ్మలే చిరునామా. మా బాబుకి పని దొరికింది, అక్కడి నుంచి ప్రతి ఇంటి మీదా బొమ్మ వెతుకుతూ ముందు పరిగెత్తాడు.

అక్కడే ఆవిడ తల ఎత్తి ఇళ్ల శిఖరాల్లో బయటికి పొడుచుకొచ్చిన దూలాలు, వాటికున్న కొక్కేలు చూపించింది. స్థలాలు సన్నం, కాబట్టి ఇళ్లు సన్నం, కాబట్టి మెట్లు నిటారు. మంచం గానీ బీరువా గానీ ఆ మెట్ల మీద ఎక్కదు. కొక్కేనికి తాడు కట్టి సామాను బయటి నుంచి లాగి కిటికీలోంచి లోపలికి తీసుకుంటారు. గోడకి తగలకూడదని చాలా ఇళ్లని ముందుకి కాస్త వంచి కట్టారు. ఇప్పటికీ ఇల్లు మారితే కొందరిది అదే పద్ధతి. అప్పుడు అత్తయ్య నాతో ‘అయితే మనం ఎక్కిన మెట్లు సామాను కూడా ఎక్కని మెట్లా?’ అన్నారు. నేను ఆ మాట అనువదించాను. గైడ్ నవ్వలేదు. ఏ లాడ్జి, ఎన్నో అంతస్తు అని అడిగింది. మెయిల్ చూపించమంది. చదివి, ‘నడక అయ్యాక చూద్దాం’ అంది.

ఎగెలాంటియర్స్‌గ్రాఖ్ట్ అందంగా ఉంది, పెద్ద కాలువల కన్నా ఇరుకు, చెట్లు నీళ్ల మీదకి వంగి ఉంటాయి, జనం తక్కువ. ముందురోజు సాయంత్రం గంట పడవ షికారులో, నెత్తిన గాజు పైకప్పు, చెవిలో రికార్డు గొంతు పెట్టుకుని చూసినప్పుడు ఇదేమీ కనపడలేదు. పడవకి ఒక్కరికి 17 యూరోలు ఇచ్చాం, అది మానేసినా నష్టం లేదు.

నా మనసులో ఎక్కువగా నిలిచింది కార్తూయిజర్‌హోఫ్. వీధిలో మామూలు తలుపు, తోసుకుని లోపలికి వెళితే పెద్ద పెరడు, చుట్టూ ఇళ్లు, పూలమొక్కలు, మధ్యలో పాత నీటి పంపులు. బయటి చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. 1650లో పేద వితంతువుల కోసం నగరం కట్టించిన ఇళ్లు అవి. నేను అత్తయ్యకి ఈ సంగతి చెప్పాలా వద్దా అని క్షణం తటపటాయించాను, మామయ్య పోయి నాలుగేళ్లయింది. చెప్పాను. ఆవిడ స్టూలు మీద కాకుండా వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు. ‘ఒక్కొక్కళ్లకి ఒక గదా? వంట వాళ్లే చేసుకునేవాళ్లా? పిల్లలు వచ్చి చూసేవాళ్లా?’ అని ఒకదాని తరవాత ఒకటి అడిగారు. గైడ్ పక్కన కూర్చుని తన సంగతి చెప్పింది. ఈ పేటలోనే పుట్టింది, ఏడుగురు రెండు గదుల్లో పెరిగారు. 1970ల్లో పాత ఇళ్లు పడగొట్టాలనుకుంటే జనం అడ్డుపడ్డారు. నిలిచిన ఇళ్లు ఇప్పుడు కోట్ల ధర. వాళ్ల అబ్బాయి ఇక్కడ కొనలేక ఆల్మేరేలో ఉంటున్నాడు. ‘మా ఇద్దరిదీ ఒకటే కథ, పిల్లలు దూరం’ అని అత్తయ్య ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. పావుగంట కూర్చున్నాం. అక్కడ ఇప్పటికీ జనం నివసిస్తున్నారు, గట్టిగా మాట్లాడకండి, కిటికీల్లోకి ఫొటోలు తీయకండి.

తరవాత లిండెన్‌గ్రాఖ్ట్. పేరు కాలువ, ఉన్నది వీధి. 1895లో పూడ్చేశారు. 1886 జూలైలో ఇక్కడ కాలువకి అడ్డంగా తాడు కట్టి, దానికి బతికున్న మలుగుపామును వేలాడదీసి, పడవలోంచి లాగే ఆట ఆడుతుంటే, ఆ ఆట నిషేధమని పోలీసులు తాడు కోశారు. దాంతో గొడవ, సైన్యం కాల్పులు, 26 మంది చనిపోయారు. మా ఆయన ‘సంక్రాంతికి కోడిపందేలు ఆపడానికి వస్తే మా వైపూ ఇంతే’ అన్నారు. కోపం అప్పటికి పూర్తిగా పోయింది.

నూర్డర్‌మార్క్ట్‌లో శనివారం రైతుల సంత. నూర్డర్‌కెర్క్ చర్చి గోడ పక్కనే జున్ను, రొట్టె, పుట్టగొడుగులు. ఆపిల్ పై బాగుంది గానీ గుడ్డు ఉంటుంది, అత్తయ్య తినరు. ఆవిడ పొద్దుటి నుంచి రెండు అరటిపండ్ల మీదే ఉన్నారని తెలిసి గైడ్ ఒక ముక్క చెప్పింది: ఆల్బర్ట్ కౌప్ సంత దగ్గరికి వెళ్లి సూరినామ్ (దక్షిణ అమెరికాలో ఒకప్పటి డచ్చి వలస దేశం) హోటల్లో రోటీ అడగండి, గుడ్డు వద్దని చెప్పండి. మధ్యాహ్నం వెళ్లాం. వేడి రోటీ, బంగాళాదుంప మసాలా కూర, పొడుగు బొబ్బర్లకాయల వేపుడు, 11 యూరోలు. 1873 నుంచి మన దేశం నుంచి సూరినామ్‌కి కూలీలుగా వెళ్లినవాళ్ల సంతతి, ఆ దేశానికి 1975లో స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో చాలామంది ఇక్కడికి వచ్చేశారు. వడ్డించినావిడ మాట భోజ్‌పురిలా ఉంది, మా ఆయన హిందీతో సగం కలిసింది. అత్తయ్య రెండోసారి కూర అడిగి వేయించుకున్నారు. ఐరోపాలో దిగాక ఆవిడ అలా తినడం అదే మొదలు.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి: గది బుక్ చేసేముందు ‘లిఫ్ట్ ఉందా, ఎన్ని మెట్లు’ అని అంకెతో జవాబు రాయించుకోండి, ‘ఏర్పాటు చేస్తాం’ అన్న మాట నమ్మకండి. వీధుల్లో టాయిలెట్లు తక్కువ, కేఫేలో యూరో దాకా అడుగుతారు, చిల్లర ఉంచుకోండి. ఆన్ ఫ్రాంక్ (నాజీలకి దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన అమ్మాయి) ఇల్లు ఈ పేట పక్కనే, కానీ టికెట్లు ఆన్‌లైన్‌లోనే, ఆరు వారాల ముందు మంగళవారాల్లో వదులుతారు. మాకు దొరకలేదు, బాబు చాలా నిరాశపడ్డాడు. డబ్బు చూసుకుంటే పడవ, మ్యూజియం ఏదో ఒకటి మానండి గానీ, సొంతంగా ఒక గైడ్‌ని పెట్టుకోండి. గుంపులో అయితే పదిహేను మందితో మా అత్తయ్య నడవగలిగేవారు కాదు.

నడక బ్రౌవర్స్‌గ్రాఖ్ట్ మీద ముగియాలి. పాత గిడ్డంగుల పెద్ద చెక్క తలుపులు చూపించాక ఆవిడ సెలవు తీసుకోలేదు, మాతో లాడ్జి దాకా వచ్చింది. కౌంటర్ ముందు నిలబడి డచ్చిలో ఐదు నిమిషాలు మాట్లాడింది. గొంతు పెంచలేదు. నా మెయిల్ మళ్లీ చూపించింది, పై మెట్ల వైపు వేలు చూపించింది. మొదటి అంతస్తులో ఒక గది ఆ పొద్దున్నే ఖాళీ అయిందట. రెండో రాత్రికి అది ఇచ్చారు. పెట్టెల డబ్బు మాత్రం వదల్లేదు, 32 యూరోలు కట్టాం. ఆవిడకి మా ఆయన 195 మీద ఇంకో 30 తనంతట తనే ఇచ్చారు.

కొత్త గదికి 14 మెట్లు. ఆదివారం పొద్దున నేను లేచేసరికి అత్తయ్య పక్క మీద లేరు. కంగారుగా కిందకి పరిగెత్తితే, తాడు పట్టుకుని తనే దిగి, కాలువ గట్టున కూర్చుని బాతుల్ని చూస్తున్నారు.