పాలు మానేశాక కొన్నవి, పారబోసినవి, తోడేసుకున్నవి

మొదటి రోజే కాఫీ విరిగింది. డికాక్షన్ చిక్కగా దిగింది కదా అని సంబరపడి, ప్యాకెట్ సోయా పాలు పొంగు వచ్చేదాకా కాచి పోశాను. గ్లాసులో తెల్లటి తునకలు పైకి తేలాయి. మా ఆవిడ చూసింది, ఏమీ అనలేదు. తన కాఫీ తను తాగేసి గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఇది ఏడు నెలల కిందటి మాట. ఈ ఏడు నెలల్లో పాలకి, పెరుగుకి బదులుగా ఏవేవి కొన్నానో, ఏవి పనికొచ్చాయో, ఏవి సింకులో పోశానో రాస్తున్నాను. నాలాగా కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి కొంత డబ్బు మిగులుతుంది. నాకు నచ్చని ప్యాకెట్ల పేర్లు చెప్పను. ఏ రకం దేనికి పనికొస్తుందో తెలిస్తే చాలు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను. వీగన్ అయ్యాను, అంటే పాలు, పెరుగు, నెయ్యితో సహా జంతువుల నుంచి వచ్చేవేవీ తినను అంటే మా షాపులో కుర్రాడు "వ్యాగనార్ తెలుసు గానీ ఈ వీగన్ ఏంటి గురూగారూ, కొత్త మోడలా?" అన్నాడు. మాంసం, చేపలు నాలుగేళ్ల కిందటే మానేశాను. అప్పుడు ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. పైగా కాస్త గౌరవం పెరిగింది, పెళ్లిళ్లలో నాకు వేరే బంతి వేసి మరీ కూర్చోబెట్టేవాళ్లు. పాలు మానేశానని తెలిశాకే అందరూ లేచారు. మన దగ్గర కూర ముక్క వద్దంటే భక్తి, మజ్జిగ వద్దంటే పొగరు.

ముందు కాఫీ సంగతి. సోయా పాలు విరగడానికి కారణం వేడి, డికాక్షన్‌లోని పులుపు రెండూ కలవడం. దాంట్లోని మాంసకృత్తులు ముద్దకడతాయి. మూడు రోజులు పారబోశాక కిటుకు దొరికింది. పాలని పొంగనివ్వకూడదు, వెచ్చబడితే చాలు. ముందు గ్లాసులో పాలు పోసి, డికాక్షన్‌ని కొంచెం ఆరనిచ్చి, సన్నటి ధారగా పాలలోకి పోయాలి. పాలని డికాక్షన్‌లోకి పోస్తే మాత్రం మళ్లీ మొదటికే. టీకి ఇంత గొడవ లేదు. టీ మరిగి దించాక చివర్లో కలిపితే సరిపోతుంది.

సోయాలో కూడా చక్కెర లేని రకమే కొనండి. వెనీలా వాసన ఉన్నదాంతో ఒకసారి కాఫీ పెట్టుకున్నాను, ఐస్‌క్రీమ్ కరిగించి తాగినట్టుంది. నేను కొన్నప్పుడు లీటరు నూట ముప్ఫై ప్రాంతంలో పడింది. మాంసకృత్తులు ఆవుపాలకి దగ్గరగా ఉంటాయి, అందుకే రోజువారీకి ఇదే ఉంచుకున్నాను. ఒక్క జాగ్రత్త, ప్యాకెట్ బాగా ఊపాలి. వాళ్లు కలిపే కాల్షియం అడుక్కి దిగిపోతుంది. నేను మొదటి ప్యాకెట్‌ని ఊపకుండా వాడి, కాల్షియం అంతా చెత్తబుట్టలో వేశాను.

బాదం పాలు రెండు రకాలు చూశాను. రెండూ గ్లాసు కడిగిన నీళ్లలా ఉన్నాయి. ధర సోయాకి దాదాపు రెట్టింపు. వెనక పట్టిక చదివితే బాదం పప్పు పేరుకే ఉంది, మిగతాదంతా నీళ్లు. ఆ డబ్బుతో బాదం పప్పులే కొనుక్కుని నమలొచ్చు.

ఓట్స్ పాలు మాత్రం బాగున్నాయి. కాఫీలో విరగవు, నురగ కూడా వస్తుంది. చక్కెర వేయకపోయినా తియ్యగా ఉంటాయి. తయారీలో ఎంజైముతో ఓట్స్ పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తారు, ఆ తీపి అదే. షుగర్ ఉన్నవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ధర ఎక్కువ కాబట్టి మా ఇంట్లో చుట్టాలొచ్చినప్పుడే తీస్తాను. మా బావమరిది రెండు కప్పులు తాగి, తర్వాత చెబితే, "ముందే చెప్పుంటే బాలేదనేవాణ్ణి కదా బావా" అన్నాడు.

ఈ ప్యాకెట్ల మీద ఎక్కడా పాలు అని ఉండదు, సోయా డ్రింక్ అనో బెవరేజ్ అనో ఉంటుంది. పాలు అన్న మాట పశువుల పాలకే అని ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) నియమం. ఇంకో సంగతి, శాకాహారమని వేసే పచ్చ చుక్క చూసి మోసపోకండి. పాలపొడి, వెన్న, వే పొడి (విరిగిన పాల నీళ్లతో చేసే పొడి) అన్నీ పచ్చ చుక్క కిందకే వస్తాయి. వీగన్ వాటికి 2022లో వేరే గుర్తు పెట్టారు, పచ్చటి వి అక్షరం మీద చిన్న ఆకు. అది ఉన్న సరుకు మా వీధి కొట్లో ఒక్కటీ లేదు. అందుకని బిస్కెట్ ప్యాకెట్ వెనక చిన్నక్షరాలు చదవడం అలవాటైంది. కొట్టాయన "ఏంటి సార్, అప్పు పత్రమా అంత చదువుతున్నారు" అంటాడు.

ఇక పెరుగు. అసలు కష్టమంతా ఇక్కడే.

కాఫీ లేకపోతే తలనొప్పి వస్తుంది, రెండ్రోజుల్లో పోతుంది. నెయ్యి లేకపోతే ముద్దపప్పు, ఆవకాయలో పప్పునూనె పోసుకుంటాను. నిజం చెప్పాలంటే అదే బాగుంది. కానీ పెరుగన్నం లేకుండా లేస్తే కడుపు నిండినా భోజనం అయినట్టుండదు. చేయి కడుక్కున్నాక కూడా ఏదో మరిచిపోయినట్టే ఉంటుంది.

మొదట కొబ్బరి పాలతో చేసిన పెరుగు డబ్బా ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. గట్టిగా, నున్నగా, చూడ్డానికి లక్షణంగా ఉంది. అన్నంలో కలిపి, నంజుకోవడానికి మాగాయ పెట్టుకుని ఒక ముద్ద తిన్నాను. కొబ్బరి వాసన, మాగాయ పులుపు దేని దారి దానిదే. గట్టిదనం కూడా తోడుకున్న గట్టిదనం కాదు, పిండి కలిపిన గట్టిదనం. మా అమ్మాయి పళ్ల ముక్కలేసుకుని తినేసింది. అలా తినడానికైతే బాగుంటుందేమో, పెరుగన్నానికి మాత్రం సున్నా మార్కులు. రెండోసారి తెప్పిస్తే డబ్బా ఉబ్బి వచ్చింది. ఆ యాప్‌వాళ్లు డబ్బులు వెనక్కివ్వడానికి ఫొటోలు అడిగీ అడిగీ పదకొండు రోజులు తిప్పారు.

అప్పుడు అమ్మకి ఫోన్ చేశాను.

అమ్మ తెనాలి దగ్గర మా ఊళ్లోనే ఉంటుంది. పాడి మీదే మమ్మల్ని పెంచింది. నేను పాలు మానేశానని తెలిశాక మొదటిసారి ఊరెళ్లినప్పుడు, పెరుగు గిన్నె నా కంచం పక్కన పెట్టి చూస్తూ కూర్చుంది. నేను వేసుకోలేదు. "ఆ పాలు కేంద్రానికి పోసే కదరా నీ డిగ్రీ ఫీజులు కట్టింది" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. షాపులో వాళ్లు "వంకాయకి ప్రాణం లేదా" అంటే నవ్వి ఊరుకుంటాను. మా పిన్ని వ్రతానికి పిలిచి, "దేవుడు తాగేవి నువ్వు తాగవా, ఆయనకన్నా గొప్పోడివా" అంటే పంచామృతం ఒక ఉద్ధరిణె పుచ్చుకున్నాను. ప్రసాదం లడ్డూ కళ్లకద్దుకుని మా అమ్మాయి చేతిలో పెడతాను. నిష్ఠగా ఉండేవాళ్లకి ఇది తప్పనిపించొచ్చు, తిట్టుకోండి. అమ్మ మాట మాత్రం అలా దులిపేసుకునేది కాదు.

ఎందుకు మానేశానో ఆమెకి తెలుసు. నాకు పదేళ్లప్పుడు మా గేదెకి పుట్టిన దున్నదూడ నెల తిరక్కుండానే చచ్చిపోయింది. దాని తోలులో గడ్డి కుక్కి, నాలుగు కర్రలు కాళ్లుగా పెట్టారు. రోజూ పొద్దున, సాయంత్రం దాన్ని చంకన పెట్టుకుని తెచ్చి గేదె ముందు నిలబెట్టడం నా పని. గేదె దాన్ని నాకుతూ చేపుకొచ్చేది, అమ్మ పాలు పితికేది. ముప్ఫై ఏళ్లు గుర్తురానిది కిందటేడు ఎందుకో గుర్తొచ్చింది, ఇక పోలేదు. ఈ మాట అమ్మకి ఒక్కసారే చెప్పాను. "మరి మీకేం పెట్టి పెంచమంటావురా" అంది.

ఆ ఫోన్‌లో నేనడిగింది ఇదేమీ కాదు. చిన్నప్పుడు ఇంట్లో తోడు అయిపోతే పచ్చిమిరప తొడిమలు వేసి తోడుపెట్టేది, ఎన్ని వేసేదని అడిగాను. "ఎనిమిదో పదో వెయ్యి, తొడిమకి కాస్త కాయ కూడా ఉండాల. కడిగి తడి లేకుండా తుడువు" అంది. దేనికని అడిగితే వేరుశనగపప్పు పాలకని చెప్పాను. కాసేపు మాట లేదు. "వేరుశనక్కాయల్ని పితికావంట్రా?" అంది.

పితికాను. ఒక పెద్ద గ్లాసు పచ్చి వేరుశనగపప్పు, అంటే రెండు వందల గ్రాములు, రాత్రి నానబెట్టాలి. పొద్దున పొట్టు నలిపి తీసేసి, పది నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. మిక్సీలో మెత్తగా రుబ్బి, పల్చటి గుడ్డలో వడకడితే లీటరుకి కాస్త తక్కువగా పాలు వస్తాయి. సన్న మంట మీద కాచాలి, గరిటె ఆపితే అడుగంటుతుంది. వేలు పెడితే గోరువెచ్చగా తగిలే వేడిలో తొడిమలు వేసి మూతపెట్టాలి. నాకు పన్నెండు గంటలు పట్టింది. మొదటిసారి అంత బాగా రాదు. పైన నీళ్లు తేలి, పల్చగా ఉంటుంది. అది చూసి మానేయొద్దు. దాంట్లోంచి ఒక చెంచా తీసి తర్వాతి రోజు పాలకి తోడేస్తే, అది గడ్డగా తోడుకుంటుంది. ఖర్చు లీటరుకి నలభై దాటలేదు. మిగిలిన పిప్పిని మా ఆవిడ కారప్పొడిలో కలిపేస్తుంది. తను ఈ మొత్తం వ్యవహారంలో మెచ్చుకున్నది ఆ కారప్పొడినే.

ఉత్తి అన్నంలో కలిపితే వేరుశనగ వాసన తెలుస్తుంది. ఆవాలు, అల్లం, కరివేపాకు తాలింపు పెట్టి దద్దోజనంలా చేస్తే తెలీదు. మజ్జిగ పులుసుకి పర్వాలేదు, కాకపోతే శనగపిండి కలిపి మంట బాగా తగ్గించాలి. ఎండాకాలంలో మాత్రం ఆరు గంటల్లోనే పులుస్తుంది, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయాలి.

బి12 సంగతి కూడా చెప్పాలి. మొక్కల్లో అది దొరకదు, మాత్ర వేసుకోవాల్సిందే. నేను మొదట్లోనే రక్త పరీక్ష చేయించుకుని, డాక్టరు రాసిచ్చింది వాడుతున్నాను. కాల్షియం రోజుకి వెయ్యి మిల్లీగ్రాములు కావాలంటారు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థవాళ్లు. రాగులు, నువ్వులు, తోటకూర తింటే చాలావరకు వస్తుంది. అందుకే రాత్రిపూట రాగి సంకటి తింటున్నాను. దాన్ని ఎవరూ విమర్శించలేదు, షుగర్ పుణ్యమా అని ఇప్పుడు అందరూ తింటున్నదే.

పోయిన నెల అమ్మ వచ్చింది. నా గిన్నె మూత తీసి వాసన చూసింది. చెంచాతో కొంచెం అరచేతిలో వేసుకుని నాకింది. "తోడు బానే కుదిరిందిరా" అంది. మళ్లీ ఒకసారి వాసన చూసి, "కానీ ఇది గేదెలకి నానబెట్టే వేరుశనగ చెక్క వాసనరా. మనం గేదెకి పెట్టి పాలు తీసుకునేవాళ్లం, నువ్వు గేదెని తీసేసి చెక్క తింటున్నావు" అంది.

ఆ వాసన ఉన్న మాట నిజమే. ఉడికించిన నీళ్లు ఒకసారి కాకుండా రెండుసార్లు పారబోస్తే చాలావరకు పోతుంది.