శాల భేష్, చేతులే చాలవు

యజమానుల గుర్రాలను ఉంచుకుని చూసుకునే ఈ శాలలో అరలు విశాలంగా ఉన్నాయి, ఎండుగడ్డిలో దుమ్ము లేదు. చిక్కంతా మనుషుల లెక్కలోనే. 20 గుర్రాలకు ముగ్గురు. ఒకరికి వారపు సెలవు వస్తే ఇద్దరే. లద్దె ఎత్తి, తడిసిన పరుపు మార్చడానికి అరకు 20 నిమిషాలే వేసుకున్నా చెరి మూడు గంటల పైమాటే. దాణా, గిట్టలు శుభ్రం చేయడం ఇంకా మిగిలే ఉంటాయి. అందుకే తడి మీదే పొడిగడ్డి పరిచేస్తున్నారు. గిట్టల్లో కుళ్లు మొదలయ్యేది అక్కడే. వాటంతటవే నిండే ఆటోమేటిక్ నీళ్ల తొట్లు పని తగ్గిస్తాయి గానీ, గుర్రం నీళ్లు మానేసిన సంగతి చెప్పవు. రాత్రి తనిఖీ లేకపోతే కడుపుశూల తెల్లారాకే బయటపడుతుంది. పూర్తి సంరక్షణ కావాలంటే మనిషికి ఐదారు గుర్రాలు మించకూడదు. మీ గుర్రాన్ని చేర్చేముందు ఆదివారం డ్యూటీ పట్టిక అడగండి.