ఏడేళ్ళుగా వాడుతున్న గ్యాస్ గీజర్: వెలగని రోజుల్లో నేర్చుకున్నది

ఈ గీజర్ మా ఇంటికొచ్చి ఏడేళ్ళు దాటింది. నిమిషానికి 6 లీటర్ల రకం. సిలిండర్ మీద నడుస్తుంది, కరెంటుతో పనిలేదు, అడుగున రెండు పెద్ద సెల్లులు పడతాయి. కొన్న కొత్తలో రాసుంటే వేడినీళ్ళు ఎంత త్వరగా వస్తాయో చెప్పి ఊరుకునేదాన్ని. ఆ మాట ఇప్పటికీ నిజమే, ట్యాప్ తిప్పిన కాసేపటికే నీళ్ళు వేడిగా వస్తాయి. కానీ ఇన్నేళ్ళు వాడాక నాకు చెప్పాలనిపిస్తున్నది ఇది వెలగకుండా మొరాయించిన రోజుల గురించి. ఎందుకంటే వాటిలో చాలావరకు గీజర్ చెడిపోయిన రోజులు కావు. తప్పు నీళ్ళదో, సెల్లులదో.

ఈ సంగతి నాకు మొదటి ఏడాది తెలియదు. ఓ చలికాలం పొద్దున ట్యాప్ తిప్పితే చప్పుడే లేదు. పిల్లల స్కూలు టైమ్, ఒకటే టెన్షన్. మెకానిక్ వచ్చి స్పార్క్ యూనిట్ పోయిందని మార్చేసి వెళ్ళాడు. రెండు వారాలు బాగానే వెలిగింది, మళ్ళీ అదే కథ. ఈసారి మా నాన్న దగ్గరుండి నీళ్ళ పైపు నట్టు విప్పించారు. లోపల వేలి కొస అంత జాలీ ఒకటి ఉంది. దాన్ని అరచేతిలో తట్టితే ఇసుక, తుప్పు పెచ్చులు, ట్యాంకులోంచి వచ్చిన పాచి ముక్కలు రాలాయి. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది పెట్టేసరికి గీజర్ టక్కున అంటుకుంది. అంతకుముందే ట్యాంకు కడిగించాం. అడుగున పేరుకున్నదంతా కదిలి వచ్చి ఆ జాలీలో ఇరుక్కుంది. స్పార్క్ యూనిట్ మార్చిన రోజున పైపు విప్పి బిగించినప్పుడు కొంత చెత్త పక్కకు జరిగి ఉంటుంది, అందుకే ఆ రెండు వారాలు నడిచింది. పాత యూనిట్‌లో ఏ తప్పూ లేదు. అప్పటినుంచి ట్యాంకు కడిగిన ప్రతిసారీ జాలీ కూడా కడుగుతాను.

గ్యాస్ గీజర్ ఎలా వెలుగుతుందో తెలిస్తే సగం బెంగ తీరిపోతుంది. మనం ట్యాప్ తిప్పగానే నీళ్ళు లోపలున్న ఒక రబ్బరు పొరను నెడతాయి. మెకానిక్‌లు దాన్ని డయాఫ్రం అంటారు. అది ఒక పుల్లను నెడుతుంది, ఆ పుల్ల చిన్న స్విచ్చిని నొక్కుతుంది. అప్పుడు సెల్లుల కరెంటు రెండు పనులు చేస్తుంది: బర్నర్ దగ్గరున్న ఒక కడ్డీ కొసన టిక్ టిక్ మంటూ స్పార్క్ కొడుతుంది, గ్యాస్ వాల్వు తెరుస్తుంది. మంట అంటుకున్నాక దాన్ని కనిపెట్టడానికి బర్నర్ మీదికి ఇంకో కడ్డీ వంగి ఉంటుంది. కొన్ని సెకన్లలో దానికి మంట తగలకపోతే గ్యాస్ దానంతటదే మూసుకుపోతుంది. కాబట్టి ముందు చెవి పెట్టి వినాలి, ఆ తర్వాత గీజర్‌కున్న చిన్న కిటికీలోంచి చూడాలి. టిక్ టిక్ అసలు లేదా, టిక్ టిక్ ఉండి మంట రావట్లేదా, మంట వచ్చి ఆరిపోతోందా. ఈ మూడింటికీ వెతకాల్సిన చోట్లు వేరు.

చప్పుడే లేకపోతే నేను గ్యాస్ వైపు చూడను. ఒక లీటరు మగ్గు పెట్టి, ఫోన్‌లో సెకన్లు చూస్తూ గీజర్ నీళ్ళు పడతాను. నా గీజర్ పుస్తకంలో నిమిషానికి కనీసం రెండున్నర లీటర్లు ఉండాలని రాశారు. అంటే మగ్గు 24 సెకన్లలో నిండాలి. 30 దాటిందంటే డయాఫ్రం పూర్తిగా కదలదు, స్విచ్చి నొక్కుకోదు. జాలీ శుభ్రంగా ఉన్నా ఆలస్యమైతే షవర్ చూడాలి. ఉప్పునీళ్ళ గార పట్టి సగం కన్నాలు మూసుకుపోతాయి. షవర్ తలకాయ ఊడదీసి ట్యాప్ తిప్పినప్పుడు గీజర్ వెలిగిందా, దొంగ దొరికినట్టే.

ట్యాంకు ఎత్తు ఇంకో లెక్క. నీటి మట్టం ప్రతి మీటరు ఎత్తుకీ దాదాపు 0.1 బార్ ఒత్తిడి వస్తుంది. నా మోడల్‌కి కనీసం 0.25 బార్ కావాలి, అంటే గీజర్ కన్నా రెండున్నర మీటర్ల పైన నీళ్ళుండాలి. ట్యాంకు నేరుగా పై అంతస్తు మీదే ఉన్న ఇళ్ళల్లో, పై బాత్రూంలో వెలగదు, కింద బాత్రూంలో వెలుగుతుంది అని చాలామంది చెప్తుంటారు. అది గీజర్ లోపం కాదు, ఆ ఎత్తు చాలట్లేదు. దానికి ప్రెషర్ పంపు పెట్టుకోవాలి, లేదా తక్కువ ఒత్తిడికే వెలిగే మోడల్ చూసుకోవాలి. కొనేముందే ఈ ఒక్క కొలత చూసుకుంటే తర్వాత బాధ ఉండదు.

సెల్లుల విషయంలో నేను చాన్నాళ్ళు పొరబడ్డాను. గీజర్‌లోంచి తీసిన సెల్లులను ఇంకో సామానులో పెడితే అది చక్కగా నడిచేది. దాంతో సెల్లులు బాగానే ఉన్నాయనుకునేదాన్ని. కానీ చిన్న సామాన్లు లాగే కరెంటు చాలా తక్కువ. గీజర్ ఒకేసారి స్పార్క్ కొట్టి వాల్వు కూడా తెరవాలి. సెల్లు బలహీనపడితే ముందు చప్పుడు నెమ్మదిస్తుంది, టిక్... టిక్... అని ఎడం పెరుగుతుంది. తర్వాత స్పార్క్ వస్తుంది గానీ వాల్వు తెరుచుకోదు. చూసేవాళ్ళు గ్యాస్ అయిపోయిందనుకుంటారు. ఆ ఎడం వినగానే ఇప్పుడు నేను సెల్లులు మార్చేస్తాను, మా ఇంట్లో ఆరేడు నెలలు వస్తున్నాయి. ఎప్పుడూ రెండూ కొత్తవే వేయాలి, ఒకటి పాతది ఒకటి కొత్తది వద్దు. మంచి ఆల్కలైన్ సెల్లులే తీసుకోండి. రీచార్జి సెల్లులు పెట్టి చూశాను, నాకు కుదరలేదు. మామూలు సెల్లు 1.5 వోల్టులైతే అవి 1.2 మాత్రమే, రెండు కలిపినా 3 వోల్టులు రావు. డబ్బా తెరిచినప్పుడు స్ప్రింగు మీద ఆకుపచ్చగానో తెల్లగానో పొడి ఉంటే గరుకు కాగితంతో గీకేయాలి. బాత్రూం ఆవిరి దగ్గర్లో ఉన్న గీజర్లకి ఇది తప్పదు.

ఇక రెండో రకం, టిక్ టిక్ గట్టిగా ఉండి మంట రాకపోవడం. నాకు మిగతా అన్నిటికన్నా ఎక్కువ భయం దీనితోనే. వాల్వు తెరుచుకుని స్పార్క్ సరిగ్గా తగలకపోతే గ్యాస్ కాస్త పోగవుతుంది. తర్వాతి ప్రయత్నంలో అదంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. మూడో ఏడాది అలాగే దుబ్బుమని శబ్దం వచ్చి పైన రేకు అదిరింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ రోజు నా చేతులు చాలాసేపు వణికాయి. బర్నర్ గొట్టాల్లో సాలెపురుగు గూడు కట్టిందని విప్పి చూసిన మెకానిక్ చూపించాడు. దూదిపింజంత తెల్లటి గూడు, గాలీ గ్యాసూ కలవాల్సిన దారికి సరిగ్గా అడ్డంగా. అందుకే రెండుసార్లు వెలగకపోతే ట్యాప్ కట్టేసి, గ్యాస్ కట్టేసి, కిటికీలు తెరిచి కొన్ని నిమిషాలు ఆగాలి. వరసపెట్టి ట్యాప్ తిప్పుతూ కూర్చోవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను.

సిలిండర్ గురించి ఒక మాట. స్టవ్ వెలుగుతోంది కదా, గ్యాస్ ఉన్నట్టే అనుకోవద్దు. నిమిషంలో 6 లీటర్ల నీళ్ళను 25 డిగ్రీలు పెంచాలంటే పది కిలోవాట్లకు పైగా వేడి కావాలి. స్టవ్ మీద ఒక్క బర్నర్‌కి రెండు కిలోవాట్లు అటూ ఇటూ చాలు. గీజర్ ఫుల్లుగా నడిస్తే గంటకు దాదాపు కిలో గ్యాస్ లాగుతుంది. అడుగంటిన సిలిండర్, అందులోనూ చలి పొద్దున, అంత వేగంగా గ్యాస్ ఇవ్వలేదు. లోపలి ద్రవం ఆవిరి కావడానికే వేడి కావాలి మరి. ఒకే సిలిండర్ మీద స్టవ్ రెండు బర్నర్లూ పెట్టి గీజర్ తిప్పితే మా ఇంట్లో మంట కుంగిపోవడం కళ్ళారా చూశాను. కొత్త సిలిండర్ పెట్టాక ఒకటి రెండుసార్లు వెలగకపోతే మాత్రం కంగారు లేదు, గొట్టంలో చేరిన గాలి పోవాలి, అంతే.

అయిదో ఏడాది వచ్చిన సమస్య కాస్త విచిత్రమైంది. సెల్లులు కొత్తవి, నీళ్ళు ఫుల్లు, గ్యాస్ ఉంది, టిక్ టిక్ ఉంది, మంట లేదు. సిలిండర్ దగ్గర గ్యాస్ కట్టేసి, రాత్రి లైటు ఆర్పి, ట్యాప్ తిప్పి కిటికీలోంచి చూశాను. నీలం నిప్పురవ్వ బర్నర్ దగ్గర కాకుండా వెనకాల, స్పార్క్ కొట్టే కడ్డీ చుట్టూ ఉండే తెల్ల పింగాణీ మధ్యలో మెరుస్తోంది. పింగాణీకి వెంట్రుకంత పగులు. స్పార్క్ దారిలోనే బాడీలోకి దూకేస్తోంది. చిన్న పార్టు మార్చడంతో పోయింది. చీకట్లో చూడకపోతే మళ్ళీ స్పార్క్ యూనిట్ మార్పించుకునేదాన్నేమో.

మంట వచ్చి కొన్ని సెకన్లకే ఆరిపోతే, మంటను కనిపెట్టే కడ్డీకి మసి పట్టి ఉండొచ్చు. మంటలోంచి ఆ కడ్డీకి పారే కరెంటు ఎంతో స్వల్పం, సన్నటి మసి పొర కూడా దాన్ని ఆపేస్తుంది. గ్యాస్ కట్టేసి, పూర్తిగా చల్లారాక, సన్న గరుకు కాగితంతో మెల్లగా తుడిపించాను, వంచకుండా. ఇరవై నిమిషాలు వాడాక ఆరిపోతే అది చెడిపోవడం కాదు, చాలా మోడళ్ళలో భద్రత కోసం పెట్టిన టైమర్. మా అత్తయ్య దాన్ని చాన్నాళ్ళు రిపేరనే అనుకున్నారు.

దీనికి తిరగబడ్డది ఇంకొకటి ఉంది: ట్యాప్ కట్టేసినా టిక్ టిక్ ఆగకపోవడం. పుల్ల ఇరుక్కుందన్నమాట. నీళ్ళు పారకుండా మంట ఉండిపోతే లోపలి రాగి గొట్టాలు మాడిపోతాయి. వెంటనే సిలిండర్ దగ్గరే కట్టేయాలి. నాకు ఆరో ఏడాది ఇలా జరిగింది. అప్పుడే డయాఫ్రం, స్విచ్చి రెండూ మార్పించాను. డయాఫ్రం చేత్తో వంచితే అట్టముక్కలా గట్టిపడిపోయి ఉంది.

నేను చేసేది జాలీ, సెల్లులు, షవర్ వరకే. గ్యాస్ వాల్వు, జెట్లు (బర్నర్‌లోకి గ్యాస్ చిమ్మే సన్న కన్నాల ముక్కలు), గొట్టాలు, బర్నర్ విప్పడం తెలిసిన మనిషి పని. సిలిండర్ గ్యాస్‌కీ పైపు గ్యాస్‌కీ జెట్ల కన్నాల సైజు వేరు, ఊరికే మార్చడం కుదరదు. గొట్టం బిగింపుల మీద సబ్బునురగ పూసి బుడగలు వస్తాయేమో చూడటం మాత్రం ఎవరైనా చేయొచ్చు, నేను రెండు నెలలకోసారి చేస్తాను.

మా గీజర్ బాత్రూం బయట, గాలి ఆడే బాల్కనీలో ఉంది. దయచేసి మీరూ అక్కడే పెట్టించండి. మూసిన బాత్రూంలో ఇది మండితే గాలిలో ఆక్సిజన్ తగ్గి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, స్నానం చేస్తున్న మనిషికి తెలియకుండానే స్పృహ పోతుంది. మంట నీలంగా ఉండాలి. పసుపు తిరిగినా, మసి వచ్చినా నేను ఆ పూట గీజర్ వాడను, మెకానిక్‌కి ఫోన్ చేస్తాను.

మళ్ళీ కొనాల్సి వస్తే ఇదే రకం కొంటాను. కరెంటు పోయినా నీళ్ళు వేడెక్కుతాయి, ఒకరి తర్వాత ఒకరు స్నానానికి వెళ్తే ఎదురుచూడక్కర్లేదు. ఉప్పునీళ్ళున్న ఇంటికి మాత్రం ఆలోచించి చెప్తాను, లోపల గార పట్టాక నీళ్ళు కుతకుతమనే చప్పుడు మొదలవుతుంది, ఏడాదికోసారి కడిగించాలి. పోయిన ఆదివారం మళ్ళీ మూగబోయింది. మగ్గు నిండటానికి 41 సెకన్లు పట్టింది. మా పెద్దవాడే నట్టు విప్పి, జాలీ కడిగి, బిగించి మళ్ళీ మగ్గు పెట్టాడు. 19 సెకన్లు.